చీకటిగది విద్య

రీలును 'కడిగించడం' అన్నది ఒకప్పుడు మన ఇళ్లలో అందరికీ తెలిసిన మాట. ఉర్దూలోనూ 'ఫిల్మ్ ధుల్వానా' అనే అనేవారు. రెండు భాషలవారూ ఒకే భావంతో పలికిన ఆ మాట నేడు వినరావడం లేదు. సెల్‌ఫోను చేతికి వచ్చిన తరువాత రీలు పోయింది. రీలుతోపాటు స్టూడియో వెనుక ఉండే చీకటిగదీ పోయింది. పోయినదానికై విలపించడం మా ఉద్దేశం కాదు. నలుపు తెలుపు ఫిల్మును ఇంటివద్దనే కడగడం నేటికీ సాధ్యమేననీ, అది విద్యార్థి నేర్వదగిన విద్య అనీ, అందుకు మన కళాశాల చేయూతనివ్వాలనీ మనవి చేయడమే ఈ వ్యాస లక్ష్యం.

ఛాయాచిత్రకళ మన జంటనగరాలకు కొత్తది కాదు. లాలా దీన్‌దయాళ్ (1844–1905) ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందారు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పి, దానిని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. బొమ్మ తీయడం ఎంత నమ్మకంతో కూడిన పనియో ఆనాటివారికి తెలుసు. ఇంట కడిగిన రీలు ఇల్లు దాటదు. ఈ సౌలభ్యం మన విద్యార్థినులకు, వారి తల్లులకు ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇందులోని శాస్త్రం మన రసాయనశాల దాటినది కాదు. ఫిల్ముపై జెలటిన్ పొరలో వెండి లవణ కణాలుంటాయి. వెలుగు సోకిన కణాలను డెవలపరు నల్లని వెండిగా మారుస్తుంది. సోకని వాటిని హైపో కరిగించివేస్తుంది. హైపోకు ఈ గుణం ఉన్నదని జాన్ హెర్షెల్ 1819లోనే కనుగొన్నారు. అది ఛాయాచిత్రాలకు అక్కరకు వచ్చింది 1839లో. డి-76 అనే ప్రసిద్ధ డెవలపరు లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైటు 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, వెలిగారం 2 గ్రాములు మాత్రమే. త్రాసు, ఉష్ణమాపకం ఉన్నచోట ఇది అసాధ్యమైన పని కాదు.

మేము ముగ్గురం మిత్రులం ఈ విద్యను స్నానాలగదిలో ఆరంభించాము. రాత్రివేళ తలుపు సందులకు దుప్పటి కప్పి, ఐదు నిమిషాలు కూర్చుని, మా చేయి మాకే కనబడదని నిశ్చయించుకున్న తరువాతనే డబ్బీ తెరిచేవారము. ఎర్రదీపం ఉంటే చాలునని చాలామంది అనుకుంటారు. అది కాగితం ముద్రణకు చెల్లుతుంది. నేటి ఫిల్ము అన్ని రంగులకూ స్పందించేది గనుక దానికి పూర్తి చీకటి కావాలి. పాడైన రీలు ఒకటి తీసుకుని ముందు వెలుతురులో, తరువాత కళ్లు మూసుకుని చుట్టడం సాధన చేశాము. ఫిల్ము ట్యాంకులో చేరి మూత పడిన తరువాత ఇక వెలుతురుతో భయం లేదు. మందు 20 డిగ్రీల వద్ద ఉండాలి. వేసవిలో మిద్దెమీది తొట్టి నీరు దాదాపు కాగిన నీరే. అందుచేత కుండలో చల్లార్చిన నీటితో మందు కలిపి, సీసాలను మంచుగడ్డల బకెట్టులో నిలిపేవారము. డెవలపరులో ఏడెనిమిది నిమిషాలు, నిమిషానికొకసారి ట్యాంకును తలకిందులు చేయడం, పలుచని సిర్కాలో క్షణకాలం, హైపోలో ఐదు నిమిషాలు, ఆపైన మంచినీటి కడుగు. ఇంతే పని.

ఇంతే అయినా మా మొదటి రీలు పాడైంది. అందులో మాలో ఒకరి నానీ చిత్రాలున్నాయి. కర్నూలు నుండి వచ్చిన ఆ వృద్ధురాలు ఫోటో అంటేనే ముఖం తిప్పుకునేది. ఎంతో బతిమాలిన మీదట తఖ్తుపై కూర్చున్నది. ట్యాంకు తెరిచి చూస్తే ఫిల్ము గాజువలె తేటగా ఉన్నది. ఒక్క బొమ్మ లేదు. కెమెరా పాతది కనుక దోషం దానిదేనని తీర్మానించి, దానిని బాగుచేసిన ముసలి పనివాని వద్దకు పోయి వాదానికి దిగాము. ఆయన మాటాడక ఫిల్మును వెలుగుకెత్తి చూచి, "అంచున నంబర్లు ఏవి బేటా?" అని అడిగాడు.

మాకు అర్థం కాలేదు. ఫిల్ము అంచున ఉండే అంకెలను కర్మాగారంలోనే వెలుగుతో ముద్రిస్తారు. కెమెరా ఒక్కమారైనా కన్ను తెరవకపోయినా, సరిగా కడిగిన ఫిల్మున ఆ అంకెలు కనబడి తీరాలి. అంకెలుండి బొమ్మ లేకుంటే దోషం కెమెరాది. అంకెలూ లేకుంటే దోషం కడిగినవానిది. మా సీసాలు రెండూ ఒకే తీరువి. వాటిపై పేరు వ్రాయలేదు. డెవలపరుకు ముందే హైపో పోశాము. అపరాధం మాది, నింద మరొకరిపైన. ఆయన మమ్ము ఒక్కమాట అనలేదు. మేము తలవంచుకుని తిరిగివచ్చాము.

ఈ సంఘటన నుండియే మా అభిప్రాయం స్థిరపడింది. పరీక్ష తప్పితే ప్రశ్నపత్రం కఠినమంటాము. ప్రయోగం తప్పితే రసాయనం పాతదంటాము. కడిగిన ఫిల్ము అట్టి సాకులకు తావియ్యదు. ఎవరి తప్పో దాని అంచునే వ్రాసి ఉంటుంది. తన తప్పును తాను చదువుకొనగల విద్య ఏ పాఠ్యపుస్తకంలో ఉన్నది?

ఫోనుండగా ఈ శ్రమ దేనికని కొందరు ప్రశ్నిస్తారు. ఫోనును విడువుమని మేము అనడం లేదు. కడిగిన నెగెటివును తెల్లని వెలుగుపై ఉంచి ఫోనుతోనే నకలు తీసుకుంటున్నాము. ఖర్చు అధికమన్న ఆక్షేపణ మాత్రం నిజం. ఉదకమండలంలో 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఒకప్పుడు 'ఇందు' పేరిట మన దేశంలోనే ఫిల్ము తయారుచేసేది. ఆ సంస్థ మూతపడినందున విదేశీ ఫిల్ము కొనవలసి వస్తున్నది. పేద విద్యార్థి ఒక్కడే భరించలేడు. పదిమంది కలిస్తే భరించగలరు. రసాయనాల ప్రమాదం మాటయూ నిజమే. వంటపాత్రలను ఇందుకు వాడరాదు, మందును తాగునీటి సీసాలలో నిల్వచేయరాదు, మెటాల్ కొందరి చర్మానికి పడదు గనుక చేతితొడుగులు ధరించాలి. వాడిన హైపోలో వెండి ఉంటుంది. దానిని కాలువపాలు చేయక, ఉక్కుపీచుతో వెండిని వేరుపరచడం రసాయనశాస్త్ర విద్యార్థులకు చక్కని ప్రయోగం కాగలదు.

కావున కళాశాల కమిటీవారికి మా విన్నపం ఇది. నెలకొక ఆదివారం రసాయనశాలలో ఒక మూల మాకు ఇప్పించండి. రెండు ట్యాంకులు, ఒక ఉష్ణమాపకం, ఒక చీకటిసంచి కొనిపెట్టండి. ఒక అధ్యాపకులను పర్యవేక్షణకు నియమించండి. విద్యార్థినులకు వేరుగా ఒక పూట కేటాయించండి. రాబోయే సంచికలో మేము స్వయంగా కడిగిన చిత్రాలకు ఒక పుట ఇవ్వండి. ఇంతకు మించి కోరము.

నానీ మరల ఈద్‌కు వచ్చింది. ఈసారి సీసాలపై ఉర్దూలోనూ తెలుగులోనూ పేర్లు వ్రాసి అతికించాము. ఆమె తఖ్తుపై కూర్చుంటూ, "ఇప్పుడైనా నన్ను నీళ్లపాలు చేయకండి" అన్నది. ఆ రాత్రి తడి ఫిల్మును దీపానికెత్తి, బొమ్మలకంటె ముందు అంచును చూచాము. అంకెలు స్పష్టంగా ఉన్నాయి.