ఆలకించే విద్య

‘కౌన్సెలింగ్’ అనే మాట తెలుగునాట అందరికీ తెలిసినదే. అయితే అది తెలిసిన తీరు విచిత్రమైనది. ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో ర్యాంకు తెచ్చుకొన్న విద్యార్థికి కౌన్సెలింగ్ అంటే కళాశాలలో సీటు ఎంచుకొనే తంతు. ఉపాధ్యాయునికి అది బదిలీల వేళ ఊరిని కోరుకొనే ప్రక్రియ. పోలీసు స్టేషనులో కౌన్సెలింగ్ ఇచ్చారంటే పిలిచి మందలించి పంపారని అర్థం. ఒక మనిషి మనసు విప్పి చెప్పుకోవడం, మరొక మనిషి ఓపికగా ఆలకించడం ఈ మూడింటిలోనూ కనిపించవు. నిజమైన కౌన్సెలింగ్ ఆ రెండింటితోనే మొదలవుతుంది. విద్యాశాస్త్ర గ్రంథాలు దీనిని ‘మంత్రణం’ అన్నాయి.

ఈ విద్యకు నూరేండ్లకు మించిన చరిత్ర ఉన్నది. 1908లో ఫ్రాంక్ పార్సన్స్ అమెరికాలోని బోస్టన్ నగరంలో, యువకులు తమకు తగిన వృత్తిని ఎంచుకోవడానికి తోడ్పడే సంస్థను నెలకొల్పాడు. తరువాత మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన విలియంసన్ నిర్దేశిత మంత్రణాన్ని రూపొందించాడు. ఈ పద్ధతిలో కౌన్సెలర్ వైద్యుని వలె వివరాలు సేకరించి, సమస్యను నిర్ధారించి, మార్గం చూపుతాడు. 1942లో కార్ల్ రోజర్స్ వెలువరించిన గ్రంథం వేరొక దారిని చూపింది. సమస్యను పరిష్కరించుకొనే శక్తి ఆ వ్యక్తిలోనే ఉంటుందనీ, తీర్పు చెప్పకుండా సహానుభూతితో వినేవారు తోడైతే ఆ శక్తి మేల్కొంటుందనీ ఆయన భావించాడు. ఇది అనిర్దేశిత మంత్రణం. సందర్భాన్ని బట్టి ఈ రెండింటినీ కలిపి వాడుకొనేది సంగ్రాహక మంత్రణం.

పది పూర్తయిన తరువాత ఏ గ్రూపులో చేరాలో తెలియని విద్యార్థికి సమాచారం కావాలి. అక్కడ నిర్దేశిత పద్ధతి చక్కగా పనిచేస్తుంది. కాని తండ్రిని పోగొట్టుకొన్న బాలునికి, పరీక్ష పేరు వింటేనే వణికే బాలికకు సలహా వెంటనే తలకెక్కదు. ఈ సంగతి భారతీయులకు కొత్త కాదు. కురుక్షేత్రంలో విల్లు జారవిడిచిన అర్జునుని శ్రీకృష్ణుడు మొదట మందలించాడు. ఆ మందలింపు ఫలించలేదు. అర్జునుడు తన సందేహాన్ని, దుఃఖాన్ని పూర్తిగా చెప్పుకొని, దారి చూపుమని తానే అడిగిన తరువాతనే బోధ మొదలైంది. అడగక ముందు చెప్పిన మాట మందలింపుగానే మిగిలిపోతుంది. అడిగిన తరువాత చెప్పినదే మార్గదర్శనమవుతుంది.

ఈ తేడా ఎక్కువగా అవసరమయ్యేది పట్టణాలకు దూరంగా ఉన్న ఊళ్లలోనే. ఖమ్మం జిల్లా కొసన ఉన్న వేంసూరు మండలాన్ని తీసుకొంటే, దాని సరిహద్దు దాటగానే ఆంధ్రప్రదేశ్ మొదలవుతుంది. తూర్పుగా సాగితే అశ్వారావుపేట, దమ్మపేట మీదుగా భద్రాచలం అడవుల దారి పడుతుంది. ఇటువంటి ప్రాంతంలో బడికి వచ్చే పిల్లల ఇండ్లు వ్యవసాయాన్ని నమ్ముకొన్నవి. పంట దెబ్బతిన్న ఏడాది ఇంటి అప్పు పిల్లల చదువుపై పడుతుంది. కూలికి పోయే తల్లిదండ్రుల వెంట కొందరు పిల్లలు బడి మానుతారు. అడవి పల్లెల నుంచి చిన్న వయసులోనే ఆశ్రమ పాఠశాలకు, వసతిగృహానికి చేరే కోయ పిల్లలు ఇంటిని, ఇంటి భాషను ఒక్కసారిగా విడిచి రావలసి ఉంటుంది. వారి మౌనాన్ని మొద్దుతనమని, బెంగను బద్ధకమని పొరబడటం చాలా సులభం.

పదవ తరగతి బాలిక ఒకతె పది రోజులుగా బడికి రావడం లేదనుకొందాం. హాజరు పట్టీలో ఆమె పేరు ఎదుట గైర్హాజరు గుర్తులు మాత్రమే కనిపిస్తాయి. ఇంటికి కబురు పంపితే ఒంట్లో బాగాలేదని జవాబు వస్తుంది. నేర్పుగల కౌన్సెలర్ ఆమెను ‘ఎందుకు రాలేదు?’ అని అడగడు. ‘ఈ మధ్య ఇంటి దగ్గర ఎట్లా ఉంది తల్లీ?’ అని అడిగి ఊరుకొంటాడు. ఆ ఊరుకోవడంలోనే సగం పని జరుగుతుంది. సంబంధం కుదిర్చే ప్రయత్నాలు సాగుతున్నాయని ఆమె నోటితోనే బయటపడవచ్చు. అప్పుడు తల్లిదండ్రులతో మాట్లాడాలి. పద్దెనిమిదేండ్లు నిండని బాలికకు వివాహం జరపరాదన్న 2006 నాటి చట్టాన్ని వివరించాలి. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల తోడ్పాటు పొందాలి. ఈ విధంగా బడిలో మొదలైన పని గ్రామంలో ముగుస్తుంది. కౌన్సెలర్ పాత్ర పాఠశాల ప్రహరీ లోపలే ఆగిపోదనడానికి ఇదే కారణం.

విన్నదానిని పదిమందిలో పెట్టకపోవడం ఈ వృత్తికి ప్రాణం. ఒక్కసారి గుట్టు బయటపడితే ఆ ఊరిలో మరొక పిల్ల నోరు విప్పదు. అయితే గోప్యతకు హద్దులున్నాయి. ప్రాణానికి ముప్పు ఉన్నదని తెలిసినప్పుడు సంరక్షకులకు, వైద్యులకు చెప్పి తీరాలి. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయడాన్ని 2012 నాటి పోక్సో చట్టం తప్పనిసరి చేసింది. ఈ హద్దులను సంభాషణకు ముందే పిల్లలకు స్పష్టం చేయడం నిజాయితీ.

ఈ అవసరం ఎంత తీవ్రమైనదో 2019 ఏప్రిల్‌లో తెలంగాణ రాష్ట్రానికి తెలిసివచ్చింది. ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాతి రోజుల్లో ఇరవైమంది దాకా విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారని పత్రికలు తెలిపాయి. ఫలితాల ప్రక్రియలో లోపాలు ఉన్నాయని ప్రభుత్వం నియమించిన కమిటీ గుర్తించింది. లోపాలను సరిదిద్దడం పాలకుల బాధ్యత. అయితే మార్కుల పట్టిక చేతికందిన ఆ గంటలో ‘ఇది ఒక పరీక్ష మాత్రమే, దీనికి మళ్లీ దారి ఉన్నది’ అని చెప్పే మనిషి దగ్గరలో ఉండటం కూడా అంతే ముఖ్యం.

విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు జారీచేసింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలన్నది. మార్కులను బట్టి విద్యార్థులను వేరువేరు బ్యాచులుగా విడదీయరాదన్నది. అంతకన్న తక్కువ మంది ఉన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలన్నది. ఇవన్నీ స్వాగతించదగినవే. కాని అడవి అంచు పల్లెల్లో చాలా బడులు నూరు సంఖ్యకు లోబడినవే. ఆ బడికి ‘బయటి నిపుణుడు’ అంటే ఎంతో దూరాన ఉన్న జిల్లా కేంద్రంలోని వ్యక్తి. సంఖ్య తక్కువైనంత మాత్రాన పిల్లవాని దుఃఖం తక్కువ కాదు.

దీనికి పరిష్కారం కొత్తగా వెతకనక్కరలేదు. 1964–66 నాటి కొఠారి కమిషన్, పది ఉన్నత పాఠశాలలకు ఒకరు చొప్పున సందర్శక కౌన్సెలర్‌ను నియమించడం కనీస కార్యక్రమంగా ఉండాలని సూచించింది. వేంసూరు వంటి మండలాలకు ఈ సూచన ఇప్పటికీ తగినది. ఒక్కొక్క బడికి వారంలో ఒక నిర్ణీత దినాన వచ్చే కౌన్సెలర్ ఉండాలి. పరీక్షల విధులు, క్రమశిక్షణ చర్యలు ఆయనకు అప్పగించరాదు. శిక్షించే చేతిని నమ్మి ఎవరూ మనసు విప్పరు. అడవి పల్లెలకు వెళ్లేవారికి కోయ భాష తెలిసి ఉండాలి. మధ్య దినాలకు ఆసరాగా ‘టెలి మానస్’ ఉన్నది. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ ప్రభుత్వ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అయితే ఫోన్ చేయమని ధైర్యం చెప్పడానికి కూడా ఊరిలో ఒక మనిషి కావాలి.

ఉపాధ్యాయులు ఉండగా ఈ ఖర్చు ఎందుకని కొందరు అనవచ్చు. ప్రేమగల ఉపాధ్యాయుడు ఎన్నో గాయాలను మాన్పగలడన్నది నిజం. కాని సిలబసు పూర్తిచేసే తొందరలో ఉన్నవాడు ఒక్కొక్కరికి అరగంట కేటాయించలేడు. పాఠం చెప్పడం ఒక విద్య, ఆలకించడం మరొక విద్య. బడికి గోడలు, బల్లలు, పుస్తకాలు సమకూర్చే సమాజం, పిల్లవాని మాట వినే మనిషిని కూడా సమకూర్చాలి. పెద్ద పట్టణాల కళాశాలలకు దక్కే ఈ సాయం వేంసూరు చివరి బడిలోని చివరి బల్లపై కూర్చున్న పిల్లకూ దక్కిననాడే ఆ మార్గదర్శకాలకు సార్థకత.