జవాబు దొరకని కథల కోసం

త్వరలో ఒక వింత కథల సంకలనం రానుంది. ఆ కబురు విన్నప్పటి నుంచి మనసు దానిమీదే ఉంది.

వింత కథ అనగానే చాలామందికి దెయ్యం కథే గుర్తొస్తుంది. రెండూ ఒకటి కావు. ఠాగూర్ 1895లో రాసిన ‘క్షుధిత పాషాణ్’ చూడండి. నిజాం కొలువులో పత్తి సుంకం వసూలు చేసే ఉద్యోగి ఒకడు, ఏటి ఒడ్డున ఎవరూ ఉండని పాలరాతి మహల్లో మకాం పెడతాడు. పగలంతా లెక్కలు, చీకటి పడితే కనిపించని అడుగుల చప్పుడు, అత్తరు వాసన, ఎవరిదో ఏడుపు. కొన్నాళ్లకు పగటి ఉద్యోగమే అతనికి అబద్ధంలా తోస్తుంది. తీరా అసలు సంగతి చెప్పబోయేసరికి రైలొస్తుంది, అతను ఎక్కి వెళ్లిపోతాడు. ఆ విడిచిపెట్టడంలోనే ఉంది పనితనమంతా. ఆన్, జెఫ్ వాండర్‌మీర్ దంపతులు 2011లో తెచ్చిన ‘ది వియర్డ్’ బృహత్సంకలనంలో కాఫ్కా, బోర్హెస్‌ల సరసన ఈ కథకూ చోటిచ్చారు.

చందమామలో భేతాళ కథలు చదువుకుంటూ పెరిగిన మనకు వింత కొత్త కాదు. అయితే అక్కడ ప్రతి చిక్కుకూ విక్రమార్కుడి దగ్గర జవాబుంటుంది. నేను ఎదురుచూస్తున్నది జవాబు దొరకని కథల కోసం. అవి అద్దె ఇళ్లు, కరెంటు బిల్లులు, సిటీ బస్సులున్న మన రోజుల్లోనే పుట్టాలి. రచయితలు వివరణలిచ్చి వాటిని మచ్చిక చేసెయ్యకూడదు. పుస్తకం చేతికందగానే ఈ పేజీల్లో ఒక్కో కథ గురించీ తీరిగ్గా మాట్లాడుకుందాం.