రసాయన శాస్త్రానికి వయసు అడ్డమా?

సార్వత్రిక పాఠశాల విద్య మన రాష్ట్రంలో 1991లో మొదలైంది. నేడు ఆంధ్ర, తెలంగాణ రెండింటిలోనూ ఉంది. పద్నాలుగేళ్లు నిండితే చాలు, పదో తరగతి చదవవచ్చు. పై వయసుకు హద్దు లేదు. మదరసాలో చదివినవారు, పెళ్లితో బడి ఆగిపోయిన సోదరీమణులు దానిలో చేరడం హర్షణీయం. అయితే సైన్సు పేరెత్తగానే చాలామంది వెనకడుగు వేస్తారు. "ఈ వయసులో మాకెందుకు?" అంటారు. ఎందుకో మనవి చేస్తాము.

మన ఇళ్లలోని సుర్మాదానీనే తీసుకోండి. బజారు సుర్మాలు చాలావాటిలో ఉండేది సీసం, గంధకం కలిసిన లెడ్ సల్ఫైడ్. సీసం ఒంట్లో చేరితే పసివారి మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. బాత్‌రూం కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో కలిపితే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. మూలకం, సమ్మేళనం, ఆమ్లం, క్షారం అంటే ఏమిటో తెలిసిన తల్లి ఆ రెండింటినీ కలపదు. లోపల ఏమున్నదో రాయని సుర్మాను కొనదు.

ఇది మనకు పరాయి విద్య కూడా కాదు. క్షారాన్ని ఇంగ్లీషులో 'ఆల్కలీ' అంటారు. అది అరబీ మాటే. 'ఆల్కహాల్' అన్న మాట పుట్టింది సుర్మాకు అరబీ పేరైన 'అల్ కుహ్ల్' నుంచే. అరబీ వ్యాకరణాన్ని కంఠస్థం చేసినవారికి ఇరవై మూలకాల సంకేతాలు బరువా?

రోజుకు అరగంట చాలు. పిల్లల ఎనిమిదో తరగతి పుస్తకంతో మొదలుపెట్టండి. అర్థం కానిది వారినే అడగండి. అడిగి నేర్చుకోవడంలో చిన్నతనం లేదు. తెలియక పిల్లల ఆరోగ్యం పోగొట్టుకోవడంలోనే నష్టముంది.