అడ్డు తొలగించండి, మన పిల్లలు వెళ్ళివస్తారు

రాష్ట్ర విశ్వవిద్యాలయాల విద్యార్థులకు, తల్లిదండ్రులకు, అధ్యాపకులకు, పాలకులకు విజ్ఞప్తి



ఏటా జూన్ నుంచి ఆగస్టు దాకా ప్రపంచంలోని చాలా విశ్వవిద్యాలయాలు ఇతర దేశాల విద్యార్థులను పిలిచి వేసవి కోర్సులు నడుపుతాయి. మూడు వారాలు, ఆరు వారాలు, మహా అయితే మూడు నెలలు. చదువు, పరీక్ష, మార్కుల పత్రం అన్నీ అక్కడే. ముగియగానే ఎవరి ఊరికి వాళ్ళు తిరిగి వచ్చేస్తారు. ఈ సంగతి ఐఐటీ విద్యార్థికి తెలుసు. లక్షల ఫీజు కట్టే ప్రైవేటు యూనివర్సిటీ విద్యార్థికి తెలుసు. శ్రీకాకుళంలోనో, ఆదిలాబాద్‌లోనో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చదివే అమ్మాయికి తెలియదు. తెలిసినా వెళ్ళలేదు. ఆమె తెలివికి లోటు లేదు, అవతలివాళ్ళు రావద్దనడమూ లేదు. మన నిబంధనలే ఆమెను ఆపుతున్నాయి. వాటిని మార్చమని అడగడానికే ఈ కరపత్రం.

ఇవి విహారయాత్రలు కావు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రెండేళ్ళకే, 1947లో, నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయం అంతర్జాతీయ వేసవి పాఠశాల మొదలుపెట్టింది. కొత్త తరం దేశాల గీతలు దాటి ఒకే గదిలో కూర్చుని చదవాలన్న ఆశ దాని వెనుక ఉంది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ 1989 నుంచి వేసవి కోర్సులు నడుపుతోంది. మూడు వారాల్లో ఒక సబ్జెక్టు చదివించి, పరీక్ష పెట్టి, గ్రేడు ఇస్తారు. ఇలాంటి చోట్ల ఫీజులు ఎక్కువే. ఫీజు లేనివీ, తిరిగి మనకే డబ్బిచ్చేవీ కూడా ఉన్నాయి. పాకిస్తాన్ భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలాం 1964లో ఇటలీలోని ట్రియెస్టేలో ఐసీటీపీ అనే భౌతికశాస్త్ర కేంద్రాన్ని స్థాపించిందే పేద దేశాల శాస్త్రవేత్తల కోసం. అక్కడి శిక్షణ శిబిరాలకు రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. ఎంపికైన పీజీ, పరిశోధక విద్యార్థుల్లో కొందరికి ప్రయాణానికీ బసకూ సాయం దొరుకుతుంది. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల వేసవి విద్యార్థులకు భృతి ఇస్తుంది. 2017 నుంచి భారతదేశం అందులో అసోసియేట్ సభ్యదేశం. కెనడాలో మైటాక్స్ సంస్థ 12 వారాల పరిశోధన ఇంటర్న్‌షిప్‌కు భారతీయ డిగ్రీ విద్యార్థులనూ తీసుకుంటోంది.

మన ఇళ్ళలో జరుగుతున్నది ఒకసారి చూడండి. పొలం తాకట్టు పెట్టి, బ్యాంకు అప్పు తెచ్చి, పిల్లలను విదేశాల్లో ఎంఎస్‌కు పంపుతున్నాం. ఆ చదువు ఎలా ఉంటుందో, ఆ దేశం ఎలా ఉంటుందో తెలియకుండానే లక్షల అప్పు మీద సంతకం పెడుతున్నాం. డిగ్రీ రెండో ఏడాదిలోనే నాలుగు వారాలు వెళ్ళివచ్చిన విద్యార్థికి తనకేం కావాలో తెలుస్తుంది. ప్రొఫెసర్‌తో వాదించడం, లైబ్రరీలో వెతుక్కోవడం, పది దేశాల వాళ్ళతో కలిసి ప్రాజెక్టు చేయడం అలవాటవుతుంది. వెళ్ళాలనుకుంటే తెలిసి వెళ్తాడు. వద్దనుకుంటే కుటుంబానికి ఆ అప్పు తప్పుతుంది.

మూడు అడ్డంకులు

మొదటిది హాజరు. ఏప్రిల్, మే ఎండల్లో మనకు సెలవులు. తొలకరి పడి మన కాలేజీలు తెరిచే వేళకు అక్కడ వేసవి మొదలవుతుంది. పైగా మన సెమిస్టర్ పరీక్షలు జారిజారి జూన్, జూలైల్లో పడుతుంటాయి. జూలైలో ఐదు వారాలు వెళ్ళివచ్చిన విద్యార్థికి 75 శాతం హాజరు నిబంధన ఎదురవుతుంది. ఆ గీత దాటలేకపోతే కండోనేషన్ ఫీజు, అదీ కుదరకపోతే డిటెన్షన్. మిడ్ పరీక్ష తప్పితే ఇంటర్నల్ మార్కులు పోతాయి. ఎన్‌సీసీ క్యాంపుకు వెళ్ళినా, యూనివర్సిటీ జట్టులో ఆడినా హాజరు ఇస్తున్న మనం, చదువుకోవడానికి వెళ్ళినవాళ్ళకు ఎందుకు ఇవ్వకూడదు?

రెండోది క్రెడిట్లు. అక్కడ చదివింది ఇక్కడి మార్కుల మెమోలో ఎక్కదు. నిజానికి లెక్క కుదరని సమస్యేమీ లేదు. యూరప్ క్రెడిట్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే విద్యార్థి 25 నుంచి 30 గంటలు చేసే పని. 2023లో వచ్చిన మన జాతీయ క్రెడిట్ విధానంలో ఒక క్రెడిట్‌కు 30 గంటలు. క్రెడిట్లు దాచుకోవడానికి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021లోనే ఏర్పడింది. ఫలానా కోర్సుకు ఇన్ని క్రెడిట్లు అని ముందుగా సంతకం పెట్టే పద్ధతే మన దగ్గర లేదు. 1987లో మొదలైన ఎరాస్మస్ పథకం కింద యూరప్‌లో విద్యార్థి బయలుదేరక ముందే విద్యార్థి, సొంత విశ్వవిద్యాలయం, ఆతిథ్య విశ్వవిద్యాలయం ముగ్గురూ ఒక పత్రం మీద సంతకాలు చేస్తారు. తిరిగి వచ్చాక దాని ప్రకారం క్రెడిట్లు చేరతాయి. విద్యార్థి ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు.

మూడోది చేతిలో డబ్బు. ట్యూషన్ ఫీజు మాఫీ అయినా విమాన టికెట్టు, వీసా, బీమా, గది అద్దె మిగులుతాయి. ఖర్చు పెట్టి బిల్లులు తెస్తే తిరిగి ఇస్తామనే స్కాలర్‌షిప్ పేదవాడికి అక్కరకు రాదు. యూరప్‌లోని చాలా దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల బీమా చూపాలి, బ్యాంకు ఖాతాలో నిల్వ చూపాలి. కూలికి వెళ్ళే తల్లిదండ్రుల ఖాతాలో ఆ నిల్వ ఎక్కడిది? తెలంగాణలో ఓవర్సీస్ విద్యానిధి పథకాల కింద ఒక్కొక్కరికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తున్నారు, మంచిదే. కానీ అవి విదేశాల్లో పూర్తి పీజీ, పీహెచ్‌డీ చేసేవాళ్ళకు. నాలుగు వారాల కోర్సుకు ఎంపికైన డిగ్రీ విద్యార్థికి వాటిలో చోటు లేదు.

మేం అడుగుతున్నవి

1. గుర్తింపు పొందిన విదేశీ విశ్వవిద్యాలయం, పరిశోధన సంస్థ నడిపే వేసవి కోర్సుకు ఎంపికైన విద్యార్థికి ఆ కాలమంతా ఆన్ డ్యూటీగా హాజరు ఇవ్వాలి. తప్పిన మిడ్ పరీక్షను మళ్ళీ పెట్టాలి.

2. బయలుదేరక ముందే విభాగాధిపతి, పరీక్షల విభాగం సంతకాలతో క్రెడిట్ ఒప్పంద పత్రం ఇవ్వాలి. తిరిగి వచ్చాక ట్రాన్‌స్క్రిప్టు అందిన నెలలోపు క్రెడిట్లు నమోదు కావాలి.

3. ప్రతి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వేసవి ప్రయాణ నిధి ఏర్పాటు చేయాలి. ఒక్కొక్కరికి గరిష్ఠంగా 2 లక్షల రూపాయలు, ప్రయాణానికి ముందే చేతికి అందాలి. సగం ప్రభుత్వ డిగ్రీ కాలేజీల విద్యార్థులకు, అందులో సగం అమ్మాయిలకు కేటాయించాలి.

4. కోర్సుల వివరాలు ఏటా సెప్టెంబరులోనే ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి. బోనఫైడ్, నో అబ్జెక్షన్ లేఖ, ట్రాన్‌స్క్రిప్టు అడిగిన ఏడు పనిదినాల్లో ఇవ్వాలి.

ఎదురయ్యే ప్రశ్నలు

"ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలే తీరడం లేదు, విదేశీ చదువులకు డబ్బెక్కడిది?" న్యాయమైన ప్రశ్న. బకాయిలు తీర్చాలి, అందులో రెండో మాట లేదు. కానీ మా నాలుగు కోర్కెల్లో మూడింటికి ఖజానా నుంచి ప్రత్యేకంగా నిధులు అక్కర్లేదు. అకడమిక్ కౌన్సిల్ తీర్మానం, రిజిస్ట్రార్ సర్క్యులర్ చాలు. మిగిలిన ఒక్కదానికి, అంటే ప్రయాణ నిధికి, 20 లక్షలుంటే పదిమంది వెళ్ళివస్తారు. ఆ మొత్తాన్ని విశ్వవిద్యాలయం, ప్రభుత్వం, విదేశాల్లో స్థిరపడిన పూర్వవిద్యార్థులు కలిసి సమకూర్చుకోవచ్చు.

"వెళ్ళినవాళ్ళు తిరిగి రారు." ఇచ్చేది స్వల్పకాలిక వీసా, క్రెడిట్లు చేరేది ఇక్కడ, డిగ్రీ పట్టా చేతికొచ్చేది ఇక్కడ. చదువు సగంలో ఉన్న విద్యార్థి తిరిగి రావడానికి ఇంతకంటే బలమైన కారణం ఏముంటుంది?

"ఇవన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కదా?" ఉపన్యాసం దొరుకుతుంది. ప్రయోగశాల దొరకదు. పనితీరు కళ్ళారా చూసిన ప్రొఫెసర్ రాసే సిఫారసు లేఖ దొరకదు.

"ఆడపిల్లను ఒంటరిగా అంత దూరం ఎలా పంపుతాం?" తల్లిదండ్రుల భయం అర్థం చేసుకోదగ్గది. అందుకే ఒకే కోర్సుకు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళేలా ఎంపిక చేయాలి. క్యాంపస్‌లోనే బస ఉన్న కోర్సులకు ప్రాధాన్యం ఇవ్వాలి. వెళ్ళివచ్చిన అమ్మాయిలను తల్లిదండ్రుల సమావేశానికి పిలిపించి మాట్లాడించాలి.

విద్యార్థులకు ఒక హెచ్చరిక

పేరున్న విశ్వవిద్యాలయం హాలు అద్దెకు తీసుకుని, ఆ పేరు చెప్పి సర్టిఫికెట్లు అమ్మే ఏజెంట్లు ఉన్నారు. డబ్బు కట్టే ముందు మూడు సంగతులు చూడండి. ఆ కోర్సు వివరాలు విశ్వవిద్యాలయం సొంత వెబ్‌సైట్‌లో ఉన్నాయా? పరీక్ష పెట్టి క్రెడిట్లతో ట్రాన్‌స్క్రిప్టు ఇస్తారా? దరఖాస్తు నేరుగా విశ్వవిద్యాలయానికే వెళ్తుందా? ఒక్కదానికి కాదని జవాబొచ్చినా మీ కాలేజీలో అడగకుండా ముందుకు వెళ్ళకండి. పాస్‌పోర్టు మాత్రం ఇప్పుడే తీసుకోండి. మామూలు దరఖాస్తు రుసుము 1,500 రూపాయలు. ఎంపికయ్యాక పరుగులు పెడితే వీసాకు సమయం చాలదు.

ఇప్పుడు చేయాల్సింది

విద్యార్థులారా, ఈ నాలుగు కోర్కెలను అర్జీగా రాసి, తరగతివారీగా సంతకాలు సేకరించి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. నకలు దగ్గర పెట్టుకోండి. అధ్యాపకులారా, మీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ తదుపరి సమావేశపు అజెండాలో దీన్ని చేర్చండి. తల్లిదండ్రులారా, పట్టభద్రుల, ఉపాధ్యాయుల నియోజకవర్గాల ఎమ్మెల్సీలు ఓటు అడగడానికి వచ్చినప్పుడు మండలిలో ఈ మాట ఎత్తుతారా అని నిలదీయండి. విదేశాల్లో ఉన్న పూర్వవిద్యార్థులారా, మీరున్న ఊళ్ళోని విశ్వవిద్యాలయం వేసవి కోర్సుల వివరాలు, ఖాళీగా ఉన్న ఒక గది సంగతి మీరు చదివిన కాలేజీకి రాయండి.

చాలా కోర్సుల దరఖాస్తులు ముందు ఏడాది చివరి నెలల్లోనే మొదలై ఫిబ్రవరి, మార్చికల్లా ముగుస్తాయి. అందుకని అకడమిక్ కౌన్సిళ్ళు ఈ డిసెంబరు లోపు తీర్మానం చేస్తేనే వచ్చే జూన్‌లో మన విద్యార్థులు బయలుదేరగలరు. జనవరిలో చేస్తే మరో ఏడాది పోతుంది, ఆ ఏడాదితో ఒక బ్యాచ్ మొత్తం డిగ్రీ ముగించుకుని వెళ్ళిపోతుంది. అర్జీ ఈ వారమే రాయండి.