నీడకు గేటు

రామగుండంల చూసేదేమున్నదని అడిగితే చానామంది చెప్పేది ఒక్కటే: "జ్యోతినగర్ చూడాలె. అడివిల ఊరు కట్టినట్టుంటది." నిజమే. 1978 నవంబరు 14న మొరార్జీ దేశాయి ఎన్టీపీసీకి పునాదిరాయి వేసిండు. 1983లో మొదటి యూనిట్ కరెంటిచ్చింది. దాని ఎంట క్వార్టర్లు లేచినయి, క్వార్టర్ల చుట్టూ చెట్లు లేచినయి. తెలంగాణలో ఎక్కువ మండే ఊర్లల్ల రామగుండం ఒకటి. ఈ ఎండల నీడ అంటే సోకు కాదు, ఆస్తి.

ఆ ఆస్తి ఎవరికి పంచిండ్రన్నదే నా పంచాది.

మా బాపు గోదావరిఖనిల ఫిల్లర్. తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపెటోడు. మా అవ్వ ఈ చుట్టుపక్కల ఒక ఆఫీసర్ల కాలనీల (పేరెందుకు, అన్ని గేట్లు ఒక్క తీరే) గుత్తేదారు కింద చెట్లు సాకింది. గుంతలు తవ్వుడు, ఎరువు పోసుడు, ముండ్లకంప కట్టుడు. పొద్దంత పైపు పట్టి చెట్లను తడిపి, మాపటికి మా గుడిసెల కాడ రెండు బిందెల కోసం నల్లా ముందు కొట్లాడేది.

1989 ఎండకాలం, బడి లేక అవ్వ ఎంట పోయిన. పగటియాల్ల ఆమె పెట్టిన కానుగ చెట్టు కిందనే సద్ది ఇప్పినం. వాచ్‌మన్ వచ్చిండు. "సార్లు తిరిగే జాగ, అవతలికి పోండ్రి." గోడ బయట ఎండల కూసోని తిన్నం. అవ్వ ఏమనలే. ఊర్ల రావిచెట్టు గద్దె మీద ఆమె తండ్రి ఎన్నడు కూసున్నడని? ఊరు ఇడిసి బొగ్గుబాయికి వస్తే ఆ గద్దె సుత మా ఎనుకనే వచ్చింది, ప్రహరీగోడ కట్టుకోని.

"కాలనీల కులమెక్కడిది? క్వార్టర్ ఇచ్చేది గ్రేడును బట్టి" అంటరు మన కామ్రేడ్లు సుత. సరే, గ్రేడు ఎవలకు దొరికింది, తట్ట ఎవలకు దొరికింది? మస్టర్ తీసి చూడుండ్రి. పాయఖానలు కడిగెటోల్ల ఇండ్లు ఏ మూలకున్నయో చూసి, అప్పుడు వర్గం గురించి మాట్లాడుండ్రి. పచ్చదనం మెచ్చుకుంట రాసెటోల్లు కుందనపల్లి బూడిద చెరువు గాలికి లేచిననాడు వచ్చి రాయుండ్రి. ఒక్క కరెంటుకే అక్కడ నీడ, ఇక్కడ బూడిద.

అబద్ధమెందుకు, ఆ చెట్లంటే నాకు పాణం. ఇప్పుడు నేను పంతులును. పొద్దుగాల ఆ కాలనీలకే నడువవోత. గేటు కాడ ఆపరు, కాళ్లకు బూట్లున్నయి కద. కానుగ మొదలు నా రెండు చేతులకు అందదు. మొన్న ఆరో తరగతి చదివే నా బిడ్డ ఎంట వచ్చింది. ఈ చెట్టు మీ నాయినమ్మ పెట్టిందన్న. మరి బోర్డు మీద ఎవలో సారు పేరున్నదేంది బాపూ అన్నది.