చీటీ తీసి ఇచ్చే మందు

“వాడిమీద ఎవరో ప్రయోగం చేశారు” అంటే మన పల్లెల్లో ఎవరికీ ప్రయోగశాల గుర్తుకు రాదు, చేతబడి గుర్తుకొస్తుంది. సరిగ్గా ఆ మాటనే తెచ్చి మనం క్లినికల్ ట్రయల్‌కు తెలుగుగా నిలబెట్టుకున్నాం. “ఈ ప్రయోగములో పాల్గొనుటకు సమ్మతించుచున్నాను” అని అచ్చువేసిన కాగితాన్ని ఆస్పత్రి మంచం మీదున్న మనిషి చేతికిస్తే, చదువురానివాడికి నిమ్మకాయలూ పసుపుకుంకుమలూ కనబడతాయి. చదువుకున్నవాడికి బోనులో ఎలుక కనబడుతుంది. అసలు జరగబోయేదేమిటో ఇద్దరికీ కనబడదు.

మాటల గురించి ఇంత పట్టింపు చాదస్తమనేవారు ఉంటారు. కానీ ఒక మనిషి తన శరీరాన్ని ఒక ప్రశ్నకు అప్పగిస్తున్నప్పుడు, ఆ ప్రశ్న ఏమిటో అతనికి తెలిసిన మాటల్లో చెప్పకపోతే ఆ సంతకానికి విలువ లేదని నా అభిప్రాయం. అడిగేది విశ్వవిద్యాలయమైతే మరీను. విడమరచి చెప్పడమే వృత్తిగా గల సంస్థ కదా!

‘స్పాన్సర్’ అన్న మాటతో ఇంకో తిరకాసు ఉంది. మన చెవికి అది టీవీ ధారావాహిక మొదట్లో వినబడే ‘సమర్పించువారు’ లాంటిది: డబ్బిచ్చి పేరు వేయించుకునేవాడు. ఔషధ పరీక్షల భాషలో స్పాన్సర్ అంటే పూచీ వహించేవాడు. పరీక్షను మొదలుపెట్టడం, పద్ధతిగా నడపడం, పాల్గొన్నవారి క్షేమం కనిపెట్టుకుని ఉండడం, చెడు జరిగితే జవాబు చెప్పడం అతని పని. డబ్బు వేరొకరిది కావచ్చు. 2020లో బ్రిటన్‌లో మొదలైన ‘రికవరీ’ పరీక్షకు స్పాన్సర్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం. నిధులు ప్రధానంగా అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థలవి. రోగులు అక్కడి ప్రభుత్వ ఆస్పత్రుల్లో చేరినవారు. ‘ప్రాయోజకులు’ అని గంభీరంగా రాసే బదులు ‘పూచీదారు’ అంటే పోయేదేముంది?

ఈ రికవరీ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కోవిడ్ విరుచుకుపడిన ఆ మార్చి నెలలో పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే అనే ఇద్దరు ఆచార్యుల నాయకత్వంలో అది ప్రారంభమైంది. ప్రణాళిక రాయడం మొదలైన తొమ్మిది రోజులకే తొలి రోగి అందులో చేరాడు. పరీక్షించిన మందుల్లో డెక్సామెథసోన్ ఒకటి. 1960ల నుంచీ వాడుకలో ఉన్న స్టీరాయిడు, పేటెంటు ఎప్పుడో తీరిపోయినది, మిక్కిలి చవకైనది. దానికి కొత్త ఉపయోగం కనిపెట్టి లాభపడే కంపెనీ లేదు కనుక, సొమ్ము పెట్టి పరీక్షించే కంపెనీ కూడా ఉండదు. విశ్వవిద్యాలయాలు పూచీ పడవలసింది ఇలాంటి ప్రశ్నలకే. లాభం లేని ప్రశ్న అనాథ. దాన్ని ఎవరో ఒకరు పెంచుకోవాలి.

ఇక రోగికి చెప్పవలసిన విషయం. ఇంగ్లీషులో రాండమైజేషన్ అంటారు. దీనికి ‘యాదృచ్ఛికీకరణ’ అనే మాట పుట్టించాం. నోరు తిరగడానికే ఒకపూట పడుతుంది. మన ఊళ్ళలో పంపకాల్లో పేచీ వస్తే ఏం చేస్తారు? చీట్లు రాసి, మడిచి, చిన్నపిల్లవాడి చేత తీయిస్తారు. ఎందుకు? ఎవరి పక్షపాతమూ పనిచేయకూడదని. ఇదీ అదే. ఎవరికి కొత్త మందు ఇవ్వాలో డాక్టరే ఎంచుకుంటే, తెలియకుండానే బతికే ఆశ ఉన్నవారికో, మరీ విషమించినవారికో ఇస్తాడు. ఆ తరువాత రెండు గుంపుల్నీ పోల్చి లాభం లేదు.

నన్ను రాయమంటే ఆ కాగితం ఇలా రాస్తాను: “మీ జబ్బుకు ఈ మందు మేలు చేస్తుందో, కీడు చేస్తుందో, ఏమీ చేయదో మాకు తెలియదు. తెలుసుకోవడానికే ఈ పరీక్ష. మీకు ఈ మందు కూడా ఇవ్వాలా, మామూలు వైద్యమే చేయాలా అన్నది చీటీ తీసినట్టుగా కంప్యూటరు తేలుస్తుంది. మీ డాక్టరు ఎంచడు, మీరూ ఎంచుకోలేరు. వద్దంటే మామూలు వైద్యం ఎలాగూ అందుతుంది. ఒప్పుకున్నాక కూడా ఎప్పుడైనా మానుకోవచ్చు.”

ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. కష్టమైన వాక్యం మాత్రం ఒకటుంది: “మాకు తెలియదు.” వైద్యుణ్ణి దేవుడిగా చూసే చోట ఆ రెండు ముక్కలు అనడానికి వైద్యుడికీ నోరు రాదు, వినడానికి రోగికీ మనసొప్పదు. సమాసాల వెనక దాగేది తరచుగా ఈ వాక్యమేనని నా అనుమానం.

ఫలితాలను చెప్పడంలోనూ ఇదే చిక్కు. రికవరీలో 2,104 మందికి డెక్సామెథసోన్ ఇచ్చి, మామూలు వైద్యం పొందిన 4,321 మందితో పోల్చారు. 28 రోజుల్లో ఎంతమంది పోయారన్నది లెక్క. వెంటిలేటరు మీదున్నవారిలో మామూలు వైద్యంతో నూటికి 41 మంది పోతే, ఈ మందుతో 29 మంది. ఆక్సిజన్ మాత్రం అవసరమైనవారిలో 26కు బదులు 23. ఆక్సిజనే అక్కరలేనివారిలో మామూలు వైద్యంతో 14 మంది, మందు ఇస్తే దాదాపు 18 మంది. ఆ చివరి తేడా కాకతాళీయం కావచ్చు. మేలు మాత్రం కనబడలేదు. 2020 జూన్ 16న ఈ ఫలితం వెల్లడించినప్పుడు మూడో మాట కూడా చెప్పారు. కానీ లోకం విన్నది “చవక మందు ప్రాణాలు కాపాడుతుంది” అన్నంతవరకే. మరుసటి ఏడు రెండో విడతలో మన ఇళ్ళలో స్వల్పంగా జ్వరమున్నవారు సైతం స్టీరాయిడు మాత్రలు మింగారు. తొలిదశలో అలా వాడితే కీడని 2021 మే నెలలో ఢిల్లీ ఎయిమ్స్ సంచాలకుడుగా ఉన్న రణదీప్ గులేరియా హెచ్చరించవలసి వచ్చింది. మధుమేహమూ స్టీరాయిడ్లూ కలిసినచోట బ్లాక్ ఫంగస్ ఎంతమంది కళ్ళు తీసిందో తెలుగువారికి వేరే చెప్పాలా? సగం విన్న ఫలితం అసలు వినని ఫలితం కంటే ప్రమాదకరం.

అన్నట్టు, విశ్వవిద్యాలయాలను మరీ ఆకాశానికెత్తకూడదు. ఐరోపా ఔషధ పరీక్షల పట్టికను బెన్ గోల్డేకర్ బృందం తరచి చూసి 2018లో ఒక లెక్క ప్రచురించింది. గడువు తీరిన 7,274 పరీక్షల్లో ఫలితాలు వెల్లడించినవి సుమారు సగం. కంపెనీలు పూచీ పడినవాటిలో నూటికి 68. విశ్వవిద్యాలయాలవంటి లాభాపేక్ష లేనివారు పూచీ పడినవాటిలో నూటికి 11! లాభం కోసం చేసేవాడు చట్టానికి భయపడి చెప్పాడు. జ్ఞానం కోసం చేసేవాడు చెప్పడం మరిచిపోయాడు. శరీరాన్ని అరువిచ్చిన మనిషికి ఏం తేలిందో చెప్పకపోవడాన్ని ఏమనాలి? ఐరోపాలో 2022 జనవరి నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం, పరీక్ష ముగిసిన ఏడాదిలోగా సామాన్యులకు అర్థమయ్యే సారాంశం కూడా ఇవ్వాలి. మంచిదే.

మన దగ్గరికి వస్తే, ముందు చెప్పవలసినదే చెప్పని ఉదాహరణ ఒకటుంది. అది విశ్వవిద్యాలయానిది కాదు. పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి కలిసి 2009లో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో నడిపిన హెచ్‌పీవీ టీకా కార్యక్రమం. పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు, చాలామంది భద్రాచలం వైపు గిరిజన వసతిగృహాల్లో చదువుకునేవారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు; ఆ టీకా గర్భాశయ ముఖద్వార కాన్సరును అడ్డుకుంటుందన్న దానిలోనూ సందేహం లేదు. నా ఫిర్యాదు వేరు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం ఇక్కడి 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకం చేసింది వసతిగృహాల వార్డెన్లు. నిర్వాహకులు దాన్ని పరీక్ష అనలేదు, ‘ప్రదర్శన ప్రాజెక్టు’ అన్నారు. సంఘం దాన్ని పరీక్షగానే లెక్కగట్టింది. పేరు మారిస్తే బాధ్యత మారిపోతుందనుకోవడం ఎంత సులువో!

2019 నాటి కొత్త నియమాల ప్రకారం, అప్పటికే అనుమతి పొందిన మందును మార్కెట్ అనుమతి కోసం కాక విద్యావిషయకంగా పరీక్షించదలచిన సంస్థకు సాధారణంగా తన నైతిక సంఘం ఆమోదం చాలు, ఢిల్లీ దాకా వెళ్ళనక్కరలేదు. పరిశోధనకు ఇది మేలే. అయితే ఆ సంఘంలో కూర్చునే వైద్యేతర సభ్యుడు, మామూలు పౌరుడు, తెలుగు కాగితాన్ని పైకి చదివి “ఇది నాకు అర్థం కాలేదు, తిరగరాయండి” అనగలగాలి. ఆ ఒక్క అభ్యంతరానికి వీటో అధికారం ఇవ్వాలంటాను.

తిరగరాసేటప్పుడు నాకు ఇప్పటికీ కొరుకుడు పడని మాట ప్లాసిబో. ‘ఉత్తుత్తి మందు’ అంటే మోసంలా వినబడుతుంది, ‘మందు లేని మాత్ర’ అంటే సరిపోతుంది గాని సూదిమందుకు పనికిరాదు. మీకు ఇంతకంటే మంచి మాట తోస్తే చెప్పండి.