పరిహారమే న్యాయమా?

వాణిజ్యరంగంలో పోటీ ఆరోగ్యకరమైనది. పోటీ ఉన్నచోట వస్తువుల నాణ్యత పెరుగుతుంది, ధర అదుపులో ఉంటుంది. అయితే బలమైన సంస్థ తన బలాన్ని ప్రయోగించి పోటీదారును బరిలోనుంచే తొలగిస్తే, ఆ తరువాత చెల్లించే సొమ్ము న్యాయమనిపించుకుంటుందా?

అమెరికాలో జరిగిన మైక్రోసాఫ్ట్ వివాదం ఈ ప్రశ్నకు చక్కని ఉదాహరణ. 1994లో నెట్‌స్కేప్ సంస్థ విడుదల చేసిన బ్రౌజర్ అనతికాలంలోనే విశేష ఆదరణ పొందింది. మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌ప్లోరర్‌ను విండోస్‌తో జతచేసి ఉచితంగా అందించింది. కంప్యూటర్ తయారీదారులు నెట్‌స్కేప్ వైపు మొగ్గకుండా ఒప్పందాలతో కట్టడి చేసింది. 1998లో ప్రభుత్వం దావా వేసింది. మైక్రోసాఫ్ట్‌ను రెండుగా విభజించాలన్న కింది కోర్టు ఆదేశాన్ని 2001లో అప్పీలు న్యాయస్థానం కొట్టివేసింది. కాని ఆ సంస్థ గుత్తాధిపత్యాన్ని అక్రమంగా నిలబెట్టుకొన్నదన్న నిర్ధారణను మాత్రం సమర్థించింది. నెట్‌స్కేప్‌ను 1999లో సొంతం చేసుకొన్న ఏఓఎల్ కూడా 2002లో వేరుగా దావా వేసింది. 2003 మే నెలలో మైక్రోసాఫ్ట్ 75 కోట్ల డాలర్లు చెల్లించి దానితో రాజీపడింది.

సొమ్ము చేతులు మారింది. పోటీ మాత్రం తిరిగి రాలేదు. పైగా ఎక్స్‌ప్లోరర్‌నే ఏడేళ్లపాటు రుసుము లేకుండా వాడుకొనే హక్కు ఆ రాజీ ద్వారా ఏఓఎల్‌కు లభించింది. రెండు నెలలు తిరగకముందే నెట్‌స్కేప్ విభాగం దాదాపుగా రద్దయింది. నచ్చినదాన్ని ఎంచుకొనే అవకాశం కోల్పోయిన సామాన్య వినియోగదారునికి ఆ 75 కోట్లలో ఒక్క డాలరైనా దక్కలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

అలాగని రాజీలన్నింటినీ తోసిపుచ్చడం తగదు. వ్యాజ్యం ఏళ్ల తరబడి సాగితే, తీర్పు వెలువడేనాటికి బాధిత సంస్థే కనుమరుగు కావచ్చు. ఈ జాప్యాన్ని తగ్గించడానికే మన దేశంలోనూ 2023లో పోటీ చట్టాన్ని సవరించి రాజీకి వీలు కల్పించారు. 2025లో స్మార్ట్ టీవీల వ్యవహారంలో గూగుల్ 20.24 కోట్ల రూపాయలు చెల్లించింది. అంతటితో ఆగక, టీవీ తయారీదారులపై విధించిన షరతులను సడలించడానికి కూడా అంగీకరించింది. ఈ రెండవ అంశమే అసలైన న్యాయానికి దారి చూపుతుంది.

సొమ్ము ఇద్దరు వ్యాపారుల లెక్కను సరిచేయగలదు. కాని పోటీ ఆ ఇద్దరి సొత్తు కాదు, ప్రజలందరిదీ. కనుక రాజీ విలువను చెల్లించిన మొత్తంతో కాక, మారిన ప్రవర్తనతో కొలవాలి. తప్పు చేసినవాడు మూల్యం చెల్లించి అదే దారిన నడిచే వీలున్నంతకాలం, ఆ మూల్యం అతనికి మరొక వ్యాపార ఖర్చు మాత్రమే.